ఆట లేకుండా కొన్న పాటలు

పెళ్లయిన కొత్తలో మా ఆయన నాకు వీడియో గేమ్ ఆడటం నేర్పారు. నేను అమలాపురంలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. ఆయనకి బ్యాంకులో ఉద్యోగం. అత్తవారి ఊరు అమలాపురానికి దగ్గరే, ముక్తేశ్వరం వెళ్లే దారిలో; అత్తయ్యగారూ మావయ్యగారూ మేమూ ఒకే ఇంట్లో. సాయంత్రం ఇద్దరం ఇల్లు చేరి, టీ తాగి, మా గదిలో టీవీ ముందు చాప వేసుకుని కూర్చునేవాళ్లం. కంట్రోలరు పట్టుకుంటే నా బొటనవేళ్లు రెండూ ఒకదాని మీదికి ఒకటి పోట్లాటకి వెళ్లేవి. ఆయన నవ్వేవారు కాదు. ఆట ఆపి, నా వేలు తీసి పెట్టాల్సిన చోట పెట్టి, మళ్లీ మొదలుపెట్టేవారు.

నాకు నచ్చినది ఒక్కటే ఆట. అందులో ఒక అమ్మాయి ఉంటుంది. వాళ్ల తాత వదిలిపోయిన పడవలో, ఒక దీవి నుంచి ఇంకో దీవికి మనుషుల్ని దాటిస్తూ ఉంటుంది. ఒకళ్లు చుట్టాలింటికి, ఒకళ్లు వైద్యుడి దగ్గరికి, ఒకళ్లు ఎందుకు వెళ్తున్నారో చెప్పకుండా. దారిలో తుఫానులూ సుడిగుండాలూ ఉంటాయి. ప్రతి ప్రయాణం అయ్యాక ఆ పిల్ల పడవ కట్టేసుకునే చిన్న రేవు ఒకటి ఉంది. అక్కడ మాత్రం భయపడాల్సింది ఏమీ లేదు. చెక్క మెట్ల మీద దీపం వెలుగుతూ ఉంటుంది, పియానో మీద ఒక పాట వస్తూ ఉంటుంది, దాని వెనకాల సన్నగా వేణువు లాంటిదేదో. పాటంటే మాటల్లేవు, వరస మాత్రమే. నేను ఆ రేవులోకి రాగానే కంట్రోలరు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చునేదాన్ని. "కదలవే" అనేవారు మా ఆయన. "ఉండండి, కాసేపు" అనేదాన్ని.

ఆట సగం దాటుతుండగా ఆయనకి విశాఖపట్నం బదిలీ అయింది. శనివారం వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళ్లేవారు. ఆ వానాకాలంలోనే నాకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ తల తిరగడం మిగిలిపోయింది. మంచం మీంచి లేస్తే గది నాతోపాటు లేచి, నేను నిలబడ్డాక కూడా తను తిరుగుతూనే ఉండేది. గోడ మీది క్యాలెండరు ఎప్పుడూ ఒక పక్కకి జారిపోతున్నట్టు ఉండేది. చెవుల డాక్టరుగారు పరీక్షలు చేసి, "చెవి లోపల తేడా వచ్చిందమ్మా. నెమ్మదిగా సర్దుకుంటుంది, తొందర పడితే లాభం లేదు. స్కూటీ నడపొద్దు. తెర మీద కదిలే బొమ్మలు అస్సలు చూడొద్దు" అన్నారు.

కాలేజీకి సెలవు పెట్టాను. పుస్తకం పడితే అక్షరాలు ఈదేవి. ఆ శనివారం మా ఆయన వచ్చాక ఒక్కసారి చూద్దామని టీవీ పెట్టించుకున్నాను. పడవ కదిలిందో లేదో, పరిగెత్తుకెళ్లి పెరట్లో వాంతి చేసుకున్నాను. మర్నాడు ఆయన ఒక ఉపాయం చెప్పారు.

"నువ్వు గోడవైపు తిరిగి పడుకో. నేను ఆడతాను. వింటూ ఉండు."

అలాగే పడుకున్నాను. ఆయన ఆ పిల్లని ఎక్కడికీ తీసుకెళ్లలేదు. రేవులోకి తెచ్చి, మెట్ల మీద నిలబెట్టి, కంట్రోలరు కింద పెట్టేశారు. పాట మొదలైంది.

"ఇక్కడే నిలబెట్టాను. ఎంతసేపు కావాలంటే అంతసేపు విను" అన్నారు.

గోడ వైపు తిరిగే ఉన్నాను కాబట్టి నా కళ్లు ఆయనకి కనపడలేదు.

సోమవారం ఆయన వెళ్లిపోయారు. మధ్యలో ఒకరోజు ఫోను చేసి, "ఒక సంగతి తెలుసా? ఆ ఆటలో పాటలు విడిగా అమ్ముతున్నారు. ఆట కొన్న చోటే, దాని కిందే ఉంది. ఇన్నాళ్లూ చూడనేలేదు మనం. కొని పంపించనా?" అన్నారు.

"వద్దు. నేనే కొనుక్కుంటాను" అన్నాను. నా చేత్తో నేను ఏదో ఒక పని చేసి చాలా రోజులైంది. ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని, ఒక కన్ను మూసుకుని, ఎలాగో కొన్నాను. అవి ఫోనులోకి దిగడానికి కాసేపు పట్టింది. పడవ లేదు, పిల్ల లేదు, దీవుల్లేవు. పాటలు మాత్రం వచ్చాయి.

ఈ కొనుగోలు మా అత్తయ్యగారికి ఎంత చెప్పినా మింగుడుపడలేదు.

"ఆట మనింట్లో ఉందన్నావు గదా?"

"ఉందండి."

"పాటలు ఆటలోవే గదా?"

"ఆయ్, అందులోవేనండి."

"మరి కొబ్బరిబొండం కొన్నాక లోపలి నీళ్లు వేరేగా కొనుక్కోవడం ఏంటే తల్లీ?"

నాకు నవ్వొచ్చింది. జ్వరం వచ్చాక గట్టిగా నవ్వడం అదే మొదలు. నవ్వితే తల తిరిగి గుమ్మం పట్టుకున్నాను. ఆవిడ గబుక్కున వచ్చి నన్ను పట్టుకుని, "సరే, సరే, కొనుక్కో. మట్టలు కూడా వేరేగా కొనుక్కో. పడకు ముందు" అన్నారు.

పగలంతా వసారాలో మడతమంచం మీద కళ్లు మూసుకుని పడుకునేదాన్ని. చిన్న స్పీకరు తలగడ పక్కన పెట్టుకుని ఆ పాటలు వినేదాన్ని. కళ్లు మూసుకున్నా తెరిచినా తిరిగే లోకంలో, ఆ రేవు పాట వచ్చినంతసేపూ ఏదో ఒకటి కదలకుండా ఉన్నట్టు అనిపించేది.

ఇక్కడ మా మావయ్యగారి గురించి చెప్పాలి. హైస్కూల్లో లెక్కల మాష్టారుగా చేసి రిటైరయ్యారు. కుర్రతనం నుంచీ మా ఊరి చర్చిలో హార్మోనియం వాయించేది ఆయనే. ఆదివారం ఆరాధనకి, పండగలకి, పెళ్లిళ్లకి, ఎవరైనా పోతే ఆ ఇంటి ముందు. మంచివారే గానీ మాట తక్కువ. నాతో అయితే మరీ తక్కువ. "భోంచేశావామ్మా", "ఇవాళ సెలవా" — ఇవి దాటేవి కావు. నేనూ "ఆయ్ మావయ్యగారూ" అనేసి పక్కకి తప్పుకునేదాన్ని. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరికొకరం అడ్డం రాకుండా మర్యాదగా తిరిగేవాళ్లం.

ఒకరోజు మధ్యాహ్నం రేవు పాట అయిపోయి నిశ్శబ్దంగా ఉంది. ముందుగదిలోంచి హార్మోనియం మీద అదే పాట వినబడింది. రెండుమూడు చోట్ల తప్పింది. ఆగింది. వెనక్కి వెళ్లి, తప్పినచోట మళ్లీ దిద్దుకుంది. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. తెరలోంచీ స్పీకరులోంచీ తప్ప ఎక్కడా వినని పాట, మా ఇంటి పాత హార్మోనియంలోంచి, కొంచెం ఆయాసపడుతూ వస్తోంది.

కాసేపటికి మావయ్యగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ఏమ్మా, ఇది ఏ సినిమాలోది?"

"సినిమా కాదండి. ఆటలోది. మేం టీవీలో ఆడేవాళ్లం కదండీ, అందులోది."

"ఆటకి ఇంత మంచి సంగీతం పెడతారా?" అని నమ్మలేనట్టు చూశారు. "అంతా దొరికింది గానీ, దీనికి చివర ఎక్కడమ్మా? ఎంత విన్నా చిక్కట్లేదు. మళ్లీ మొదటికే వచ్చేస్తంది. ఆఖర్న చిన్నగా అయిపోయి మాయమైపోతంది."

అప్పటిదాకా ఆ సంగతి నేను ఆలోచించలేదు. ఆలోచించి చెప్పాను.

"ఆడేవాళ్లు అక్కడ ఎంతసేపు ఉంటారో పాట కట్టినాయనకి తెలీదు కదండీ. ఒకళ్లు వెంటనే వెళ్లిపోతారు. నాలాంటిది అక్కడే కూర్చుంటుంది. అందుకని చివర లేకుండా, తిరిగి మొదట్లో కలిసేలా కడతారండి. విడిగా అమ్మేటప్పుడు ఎక్కడో ఒకచోట ఆపాలి గనక నెమ్మదిగా తగ్గించేస్తారు."

మావయ్యగారు గుమ్మంలోనే కింద కూర్చున్నారు. ఆయన నా ఎదురుగా అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"పెళ్లిళ్లలో నా పనీ అదేనమ్మా" అన్నారు. "పెళ్లికూతురు గుమ్మంలోకి వస్తుంది. అక్కణ్నుంచి ముందుకి రావడానికి ఎంతసేపు పడుతుందో ఎవరు చెప్తారు? ఒకమ్మాయి గబగబా వచ్చేస్తుంది. ఒకమ్మాయి చీర కాళ్లకి అడ్డం పడి ఆగిపోతుంది. ఒకమ్మాయి నాన్న చెయ్యి వదల్లేక నెమ్మదిగా వస్తుంది. ఆ పిల్ల వచ్చి నిలబడేదాకా పాట అయిపోకూడదు. నేనూ తిప్పుతా ఉంటాను. ఆ పాట కట్టినాయన పని నాకు తెలిసిపోయిందిలే."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది. ఎక్కడో తెలియని దేశంలో, తన పనే చేసేవాడొకడు ఉన్నాడని తెలిసిన సంతోషం అది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన కుర్చీ వసారాలోకి వచ్చేది. నేను పాట పెట్టేదాన్ని. అది ఎక్కడ వస్తుందో, అప్పుడు ఆ పిల్ల ఏం చేస్తుందో కళ్లు మూసుకునే చెప్పేదాన్ని. తుఫానులో ఒక ముసలమ్మని దాటించడం, రోగం వచ్చిన దీవిలో ఎవరూ పడవని ఒడ్డుకి రానివ్వకపోవడం. ఆయన మధ్యలో ప్రశ్నలు వేసేవారు. "తెరచాపా, తెడ్డా?" "ఆ పిల్లకి వంటెవరు చేసిపెడతారు?" నాకు తెలియనివి కల్పించి చెప్పేదాన్ని. ఆడలేని ఆటని అలా మాటల్లో మళ్లీ ఆడాను.

ఒకరోజు నాకు తెలిసిన పాటలు అయిపోయాయి.

"తర్వాత?" అన్నారు.

"ఇక్కడిదాకే ఆడానండి. మిగతా పాటలన్నీ నేను చూడని చోట్లవి."

"పేర్లు ఉంటాయి గదా వాటికి?"

"ఉంటాయండి. చదవమంటారా?"

"వద్దొద్దు" అని చెయ్యి అడ్డం పెట్టారు. "పేరు చదివితే తెలిసిపోద్ది. విందాం."

అలా మేమిద్దరం మేం చూడని సగం కథని చెవులతో విన్నాం. ఒక పాట రాగానే "సంత" అన్నారాయన. "కాదండి, వల లాగుతున్నారు" అన్నాను. ఒక పాటలో డప్పులు మోగితే ఎవరో తరుముతున్నారని ఒప్పుకున్నాం. చివరికి దగ్గరగా ఒక పాట ఉంది. పియానో మీద ఒక్కొక్క మెట్టే, మధ్యలో చాలా ఖాళీ. 

"ఇక్కడెవరో పోయేరమ్మా" అన్నారు మావయ్యగారు.

నాకూ అలాగే అనిపించింది. ఎవరన్నది మాత్రం తేల్చుకోలేకపోయాం. ఆటలో ఆ పిల్లకో తమ్ముడున్నాడు, వాడేమోనని నేను, ఆ ముసలమ్మేనని ఆయన.

క్రిస్మస్ అయ్యాక మా చర్చిలో ఒక పెళ్లి జరిగింది. పెళ్లికొడుకుది మా ఊరే. మావయ్యగారి దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడు, హైదరాబాదులో ఉద్యోగం. పెళ్లికూతురు వాళ్లది రాజమండ్రి. అప్పటికి నాకు కొంచెం నెమ్మదించింది. అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని వెళ్లి, ఆడవాళ్ల వైపు గోడ పక్కన కూర్చున్నాను.

అనుకున్న సమయానికి అందరూ వచ్చారు, పెళ్లికూతురు తప్ప. పాస్టరుగారు గడియారం చూసుకున్నారు. ఎవరో ఫోను చేసి వచ్చి, "జొన్నాడ దగ్గర లారీలు అడ్డం పడిపోయేయంటండీ. కార్లు కదలట్లేదంట. వచ్చేస్తారు, వచ్చేస్తారు" అని చెప్పారు. జనం విసనకర్రల్లా శుభలేఖలు ఊపుకోవడం మొదలుపెట్టారు. మావయ్యగారు ఒక కీర్తన వాయించారు. తర్వాత ఇంకోటి. అందరూ ఎరిగిన కీర్తనలన్నీ అయ్యాయి. పిల్లలు బెంచీల మధ్య పరుగులు పెడుతున్నారు. వెనకనుంచి ఒక పెద్దావిడ, "ఈ పెళ్లి అయ్యేదేనా?" అని అందరికీ వినబడేలా అంది.

ముందు పెళ్లికొడుకు ఒక్కడే నిలబడి ఉన్నాడు. కొత్త కోటు, మెడ దగ్గర చెమట. ఫోను తీయలేడు, కూర్చోలేడు. అందరూ తననే చూస్తున్నారని తెలిసి ఎటు చూడాలో తెలియని మొహం.

అప్పుడు హార్మోనియంలోంచి రేవు పాట వచ్చింది.

నేను ఉలిక్కిపడి మావయ్యగారి వైపు చూశాను. ఆయన ఎవరినీ చూడటం లేదు. ఎడంచేత్తో తిత్తి నెమ్మదిగా ఊపుతూ, ఆ పాటని చర్చికి తగ్గట్టు ఇంకా నిదానం చేసి వాయిస్తున్నారు. ఒక చుట్టు అయింది. చివరికి వచ్చి, ఎక్కడా అతుకు తెలియకుండా మళ్లీ మొదట్లో కలిసింది. పిల్లల పరుగులు తగ్గాయి. మా అత్తయ్యగారు నా చెవిలో, "ఇది నువ్వు కొన్నది గదే?" అన్నారు.

"ఆయ్, అదేనండి" అన్నాను.

పెళ్లికొడుకు తల తిప్పి హార్మోనియం వైపు చూశాడు. మొదట అనుమానంగా, తర్వాత నమ్మకంగా. కోటు లోపల భుజాలు దిగాయి. నోటి చివర చిన్న నవ్వు వచ్చింది. ఇంతమందిలో తనతో ఎవరో రహస్యంగా మాట్లాడినట్టు నిలబడ్డాడు. మావయ్యగారు తిప్పుతూనే ఉన్నారు. ఎన్ని చుట్లో ఎవరూ లెక్కపెట్టలేదు. బయట కారు హారన్లు మోగాయి. పెళ్లికూతురు గుమ్మంలోకి వచ్చింది. మేలిముసుగు ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, దారంతా ఏడ్చినట్టుంది. వాళ్ల నాన్నగారి చెయ్యి పట్టుకుని, పాటకి తగ్గట్టు ఒక్కో అడుగే వేస్తూ వచ్చింది. ఆమె వచ్చి అతని పక్కన నిలబడ్డాక, ఆ చివర లేని పాటకి మావయ్యగారు తనే ఒక చివర కట్టారు. నాలుగు మెట్లు, అంతే. చివరి మెట్టు మీద వేలు చాలాసేపు ఉంచి, తీశారు.

భోజనాల దగ్గర పెళ్లికొడుకు బంతుల వరసలన్నీ దాటుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. వెనకాలే పెళ్లికూతురు.

"మాష్టారండీ, ఆ పాట మీకెలా తెలుసండీ? మీరు ఆ ఆట ఆడేరా?"

"నేనెక్కడ ఆడతానురా? మా కోడలు పాటలు కొనుక్కుంది, నేను ఎత్తుకున్నాను."

"ఆట లేకుండా పాటలా?" అని అతను నా వైపు చూశాడు. నా సంగతి మావయ్యగారే చెప్పారు, నాకు సిగ్గు అనిపించేలా కాకుండా, గొప్పగా చెప్పుకోదగ్గ విషయంలా. విని అతను, "హైదరాబాద్ వెళ్లిన కొత్తలో ఎవరూ తెలీదండీ. రూములో ఆ రేవులోనే కూర్చునేవాణ్ని" అన్నాడు.

మావయ్యగారు ఇద్దర్నీ పక్కన కూర్చోబెట్టుకుని ఆకులు వేయించారు.

"ఒక్క సంగతి చెప్పు బాబూ. ఆఖర్లో ఒక పాట ఉంది. ఒక్కొక్క మెట్టే వస్తుంది." వేలితో విస్తరి అంచు మీద కొట్టి చూపించారు. "అక్కడ పోయిందెవరు? ఆ ముసలావిడేనా?"

అతను ఆ మెట్లు తనూ వేలితో కొట్టి చూసుకున్నాడు. "ఎవరూ పోరండీ. పడవ చివికిపోద్ది. ఇంక నీళ్లలోకి దింపకూడదని తెలుసుకుని, ఆ పిల్ల దాన్ని ఒడ్డుమీదకి లాగేసి, దానికి ఎదురుగా కూర్చుంటుంది. అంతేనండి."

"పడవా" అన్నారు మావయ్యగారు. మా ఇద్దరి చూపులూ కలిశాయి. ఆ వానాకాలమంతా మేము ఎవరి కోసమైతే బాధపడ్డామో వాళ్ల పేరు అప్పుడు తెలిసింది. ఆయన నెమ్మదిగా తల ఊపారు. "అయితే మనం తప్పుగా వినలేదమ్మా" అన్నారు.

 పెళ్లికూతురు ఆకులోకి చూస్తూ అంది. "నాకు ఆటలూ అవీ తెలీదండీ. దారిపొడుగునా అందరూ తిట్టుకుంటూ ఉంటారనే ఏడుపు. గుమ్మంలోకి రాగానే ఆ పాట వినబడింది. నా కోసం ఎవరూ విసుక్కోలేదనిపించిందండి."

మావయ్యగారు వడ్డించేవాళ్లని పిలిచి ఆ అమ్మాయికి ఇంకో బూరె వేయించారు.

ఇప్పుడు నేను కాలేజీకి వెళ్తున్నాను. స్కూటీ కూడా నడుపుతున్నాను. తెర చూస్తే కాసేపటి వరకూ ఇబ్బంది లేదు. అయినా పాటలు విడిగా కొనడం మానలేదు. ఇప్పుడు కొనేవి మా దగ్గర లేని ఆటలవి, ఎప్పటికీ ఆడనివి. రైలు నడిపే ఆటవి, తోటలో పురుగులు ఊరు కట్టుకునే ఆటవి. కొనేముందు కొంచెం కొంచెం వినిపిస్తారు గదా, అది మావయ్యగారికి పెడతాను. నచ్చకపోతే చేతులు కట్టుకుంటారు. నచ్చితే కుడిచేతి వేళ్లు మోకాలి మీద కదులుతాయి. అప్పుడు కొంటాను. మావయ్యగారిలోని ఆ మాట తక్కువ మనిషి ఎటుపోయారో తెలీదు.

పోయిన శనివారం మా ఆయన సంచి ఇంకా భుజాన ఉండగానే వసారాలో ఆగిపోయారు. నేనూ మావయ్యగారూ గట్టిగా వాదించుకుంటున్నాం. కొత్తగా కొన్నవాటిలో ఒక పాట వెనకాల ఏదో సన్నటి చప్పుడు ఉంది. నేను వాన అంటాను, ఆయన జనం నడుస్తున్నారంటారు.

"దీనికింత గొడవెందుకు? ఆ ఆట కొనేద్దాం. తెలిసిపోతుంది గదా" అన్నారు మా ఆయన.

"ఆగరా నువ్వు" అన్నారు మావయ్యగారు. "మళ్లీ పెట్టమ్మా."

లోపల్నుంచి అత్తయ్యగారు చిక్కుడుకాయల చేట పట్టుకుని వచ్చి మా మధ్య కూర్చున్నారు. ఈనెలు తీస్తూ చివరిదాకా విన్నారు.

"వానే" అని తేల్చేశారు. "రేకుల మీద వాన. ఇంకోసారి పెట్టు."